మూకుడులో ముదురు మిరప: గోదావరి డెల్టాలో మిరపను బోన్సాయ్‌గా పెంచి తీర్చిదిద్దే విధానం

మిరపను ఒక్క కారు పంటగా చూడటం మనకు అలవాటు. గోదావరి లంకల్లో వానలు తగ్గే వేళకు నారు నాటి, ఎండలు ముదిరేలోగా పండుకాయ కోసి, ఆఖరి కోత అయ్యాక మోళ్లను పీకి గట్టున పోగేస్తారు. అందువల్ల మిరప ఆయుష్షు ఆరేడు నెలలేనన్న అభిప్రాయం స్థిరపడిపోయింది. నిజానికి మంచు గడ్డకట్టని ప్రాంతాల్లో మిరప కొన్నేళ్లపాటు బతికే మొక్క. నూతి పక్కన, అంట్లు తోమిన నీరు పారే చోట, పిట్టలు వేసిన గింజతో మొలిచిన ఉసిమిరప మూడు నాలుగేళ్లపాటు కాస్తూనే ఉండటం కోనసీమ పెరళ్లలో చాలామంది చూసే ఉంటారు. అటువంటి మొక్క మొదలును వంగి చూస్తే బెరడు బూడిదరంగుకు తిరిగి, నిలువుగా నెర్రెలు విచ్చి, పెద్ద చెట్టు మానును కుదించి పెట్టినట్టు కనిపిస్తుంది. మిరపను బోన్సాయ్‌గా, అంటే పళ్లెంలో ఒదిగే పొట్టి చెట్టుగా, తీర్చిదిద్దడమంటే ఆ మొదలును గుర్తించి, దానికి తగిన కొమ్మలను, తగిన పాత్రను సమకూర్చడమే.

ఈ పనికి విదేశాల్లో ‘బోంచి’ అని పేరు. ఫిన్లాండ్ వంటి చలిదేశాల మిరప ప్రియులు దీనిని ప్రచారంలోకి తెచ్చారు. చలికాలం ముంచుకు రాకముందే మొక్కను కురచగా కత్తిరించి, వేళ్లు తగ్గించి, చిన్న కుండీలో ఇంట్లోకి చేర్చి బతికించుకోవడం వారి అవసరం. వారి పద్ధతిని ఉన్నదున్నట్టు ఇక్కడ పాటిస్తే, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో, అంటే సరిగ్గా మనకు ముసుర్లు, తుపాన్లు పట్టే రోజుల్లో, వేళ్లు కోసిన మొక్కను తడి మట్టిలో పెట్టినట్టవుతుంది. నేను మొదటి ఏడాది ఆ పొరపాటే చేసి మూడు మొక్కలు పోగొట్టుకున్నాను. కుండీ బోర్లించి వేరును పట్టి లాగితే పైపొర తొడుగులా జారి చేతిలోకి వచ్చింది; లోపల దారం లాంటి నార ఒక్కటే మిగిలి ఉంది, మట్టి మురుగు వాసన కొట్టింది. డెల్టాలో కుండీ మిరప నీళ్లు చాలక చనిపోవడం అరుదు, తడి నిలిచిపోయి చనిపోవడమే ఎక్కువ. మట్టి కలపడం మొదలుకొని కోతకు అదను చూసుకోవడం వరకు ఇక్కడ చెప్పే సూచనలన్నింటికీ ఈ అనుభవమే ఆధారం.

ఏ మిరపను ఎంచుకోవాలి

పదేపదే కత్తిరించడం వల్ల బోన్సాయ్ మొక్కకు ఆకు కొంత చిన్నదవుతుంది గాని, కాయ మాత్రం తన జాతి పరిమాణానికే వస్తుంది. కాబట్టి ఎంపిక కాయను చూసి చేసుకోవాలి. తేజ వంటి పంట రకాల కాయ సన్నగా, పొడుగ్గా కిందికి వేలాడుతుంది. జానెడు చెట్టుకు అది పొంతన కుదరదు. ఉసిమిరప కాయ అంగుళం దాటకుండా, ఆకుల మీదుగా ఆకాశం వైపు నిలబడి కాస్తుంది. దాని మొక్క దీర్ఘాయువు, కాండం త్వరగా చేవదేరుతుంది. కడియం, కడియపులంక నర్సరీల్లో దొరికే అలంకార మిరపలు ఊదా, లేతపసుపు, నారింజ, ఎరుపు రంగుల కాయలతో ఒకే సమయంలో కనువిందు చేస్తాయి, ఆకు కూడా చిన్నదే. అయితే అవి ఉసిమిరపంత కాలం నిలవవు, రెండేళ్లు దాటాక సాధారణంగా డస్సిపోతాయి. భూత్ జొలోకియా వంటి ఘాటు రకాలకు మాను బాగా లావెక్కుతుంది కాని ఆకు వెడల్పు ఎక్కువ. ఆండీస్ పర్వతాల చల్లదనానికి అలవాటుపడిన రొకోటో మిరప గురించి చదివి ముచ్చటపడేవారు ఉన్నారు. మన రోహిణి కార్తె ఎండకు అది నిలవదు, ఆ ప్రయత్నం మానుకోవడం మేలు. మొదటి మొక్కగా నేను ఉసిమిరపనే సూచిస్తాను.

మాను నేలలోనే లావెక్కాలి

చిన్న కుండీలో నాటిన నారు ఎన్నేళ్లయినా పెన్సిలంత లావు దాటడం కష్టం. వేరు స్వేచ్ఛగా పారి, పైన కొమ్మలు గుబురుగా పెరిగితేనే మొదలు లావెక్కుతుంది. అందువల్ల మానును ముందు నేలలో తయారుచేసుకుని, ఆ తరువాతే పాత్రలోకి దింపాలి.

ఇందుకు దగ్గరి దారి, ఇప్పటికే ముదిరిన మొక్కను వెతుక్కోవడం. పెరట్లో ఉసిమిరప లేకపోతే, ఆఖరి కోత అయిన మిరప చేనులో రైతును అడిగితే మోళ్లు సంతోషంగా ఇస్తారు. కాయ పెద్దదైనా చేయి తిరగడానికి అవి పనికివస్తాయి. ఎంచుకునేటప్పుడు మొక్క ఎత్తును, ఆకును పట్టించుకోనక్కరలేదు. మొదలు చుట్టూ ఉన్న మట్టిని వేలితో రెండంగుళాల లోతు తవ్వి చూడాలి. అక్కడ కాండం బొటనవేలంత లావు, అంటే సుమారు 2 సెంటీమీటర్లు ఉండి, నాలుగు వైపులకూ వేళ్లు పరుచుకుని ఉంటే ఆ మొక్క యోగ్యమైనది. మొదటి పంగ నేలకు 10 సెంటీమీటర్ల లోపు ఉంటే మరీ మంచిది. నిట్టనిలువుగా జానెడున్నర పెరిగి ఆపైన పంగ విడిన మొక్క ఎంత లావుగా ఉన్నా కుండీలో కర్ర గుచ్చినట్టు కనిపిస్తుంది. ఆకులు ముడుచుకుని, పచ్చ పసుపు మచ్చలు కలిసి ఉన్న మొక్కకు వైరస్ సోకి ఉండవచ్చు. దాని మాను ఎంత అందంగా ఉన్నా ఇంటికి తేకూడదు.

ఓపిక ఉన్నవారు గింజ నుంచి మొదలుపెడితే వేళ్ల అమరికను తమకు కావలసినట్టు మలుచుకోవచ్చు. నారు 4, 5 ఆకులు తొడిగాక, తల్లివేరు కొసను గిల్లి, పాత బంగాళాపెంకు ముక్కను నేలలో మూడంగుళాల లోతున బల్లపరుపుగా పరిచి, పల్చగా మట్టి పోసి, దాని మీద వేళ్లను చక్రంలోని ఊచల్లా విడదీసి నాటాలి. కిందికి దిగే దారి లేక వేళ్లు పక్కలకు పారతాయి. ఏడాది తరువాత తవ్వితే పెద్ద మర్రి మొదలుకు ఉండేలాంటి వేళ్ల పట్టు దొరుకుతుంది. మొక్క 7, 8 ఆకులకు రాగానే తల తుంచితే పంగ కిందనే విడుతుంది. మొదలు దగ్గర పుట్టే పిలకలను తీసేయాలని చేతులు ఉబలాటపడతాయి గాని, వాటిని ఉంచాలి, ఆ ఆకుల బలంతోనే మొదలు లావెక్కుతుంది. ఏడాది నుంచి ఏడాదిన్నర వరకు మొక్కను ఇలా నేలలో ఉంచాలి.

పాత్ర, మట్టి

ఒక స్పాంజిని నీటిలో ముంచి, అరచేతిలో వెల్లకిలా పట్టుకోండి. కొద్దిసేపటికి కారడం ఆగిపోతుంది. అదే స్పాంజిని నిలువుగా తిప్పితే మళ్లీ నీరు ధారగా కారుతుంది. స్పాంజి మారలేదు, దాని లోతు మారింది. కుండీలోని మట్టి కూడా అంతే: అడుగున కొంత ఎత్తు మేర తడి ఎప్పుడూ నిలిచి ఉంటుంది. లోతైన కుండీలో వేళ్లు ఆ తడికి పైన ఉంటాయి; 6 సెంటీమీటర్ల లోతున్న బోన్సాయ్ పళ్లెంలో ఆ తడి దాదాపు వేళ్ల వరకూ వచ్చేస్తుంది. మట్టి ఎంత మెత్తనైతే తడి అంత ఎత్తుకు నిలుస్తుంది. వరికి ప్రాణమిచ్చే మన డెల్టా బంకమట్టి ఈ పళ్లేలకు ఏమాత్రం పనికిరాకపోవడానికి కారణమిదే.

కాబట్టి మట్టికి బదులు గరుకు మిశ్రమం తయారుచేసుకోవాలి. ఇటుక బట్టీ దగ్గర దొరికే విరిగిన ఇటుకలను కొట్టి, జల్లెడ పట్టి, కందిగింజ మొదలు శనగగింజ వరకు ఉన్న ముక్కలను ఉంచుకుని, పొడిని తప్పక పారేయాలి. ఆ ముక్కలు రెండు పాళ్లు, కడిగిన ముతక ఇసుక రెండు పాళ్లు, కొబ్బరి పొట్టు ఒక పాలు, బాగా చివికిన పశువుల ఎరువు ఒక పాలు కలపాలి. కోనసీమలో కొబ్బరి పొట్టుకు కొదవ లేదు. అయితే పీచు తీసిన తాజా పొట్టులో ఉప్పు, టానిన్లనే వగరు పదార్థాలు ఉంటాయి కనుక, మంచినీటిలో నానబెట్టి పిండి పారబోయడం మూడుసార్లైనా చేయాలి. మూడోసారి నీటిలో ఎర్రదనం తగ్గుతుంది. మిశ్రమాన్ని గుప్పిట పట్టి నొక్కి వదిలితే ముద్ద కట్టకుండా విడిపోవాలి.

పాత్రకు జపాన్ పింగాణీ అక్కరలేదు. కుమ్మరి చేసిన మట్టి మూకుడు మిరపకు చక్కగా అమరుతుంది, కాల్చిన మట్టి గోడల గుండా తడి ఆరిపోవడం మనకు కలిసివచ్చే గుణం. మూకుడును ఒక రాత్రంతా నీటిలో నానబెట్టి, ఇసుక మీద బోర్లించి, గోడలకు చిల్లులు వేసే డ్రిల్లుతో, ఒత్తిడి పెట్టకుండా, మూడు చోట్ల చిటికెన వేలు దూరేంత చిల్లులు పెట్టాలి. పొడి మూకుడుకు చిల్లు పెడితే పగులుతుంది. చిల్లుల మీద నైలాన్ దోమతెర ముక్క వేస్తే మిశ్రమం జారిపోదు. అడుగున గులకరాళ్లు పరిస్తే నీరు బాగా దిగుతుందన్న నమ్మకం వ్యాపించి ఉంది. స్పాంజి ఉదాహరణను తలుచుకుంటే, రాళ్ల వల్ల మిశ్రమం లోతు ఇంకా తగ్గి తడి మరింత పైకి వస్తుందని అర్థమవుతుంది. ఆ పని చేయవద్దు.

కోతకు అదను

సంక్రాంతి మొదలు మహాశివరాత్రి వరకు ఉన్న రోజులు డెల్టాలో ఈ పనికి అన్నివిధాలా అనుకూలమైనవి. గాలిలో తేమ తగ్గుతుంది, వాన భయం ఉండదు, ఎండ మెత్తగా ఉంటుంది, మొక్కకు వేసవిలోగా కొత్త వేళ్లు పట్టడానికి ఆరు వారాలైనా గడువు దొరుకుతుంది. చేలలోని మోళ్లు మార్చిలో గాని దొరకవు. వాటిని ముందుగా పెద్ద కుండీలో వేరుమట్టితో సహా దింపి వేసవి దాటించి, వేళ్ల కోతను తరువాతి సంక్రాంతికి వాయిదా వేసుకోవాలి. ఆత్రపడి మే నెలలో వేళ్లు కోసిన మొక్క ఎండకు మాడుతుంది, ఆగస్టులో కోసినది కుళ్లుతుంది.

కోతకు రెండు రోజుల ముందు నీరు ఆపాలి. మొదట పైభాగం కత్తిరించాలి. మాను లావుకు ఆరు రెట్లు ఎత్తు ఉంటే చూపుకు బాగుంటుంది. 2 సెంటీమీటర్ల మానుకు 12 సెంటీమీటర్ల చెట్టు అనుకుంటే, కొత్త కొమ్మల ఎత్తు కూడా అందులో కలుస్తుంది కనుక, మోడును 7, 8 సెంటీమీటర్ల దగ్గర కోయాలి. పంగ ఉంటే రెండు చీలికల్లో ఒకదాన్ని కొంచెం పొడుగ్గా, రెండోదాన్ని పొట్టిగా ఉంచితే సహజంగా ఉంటుంది. ఆకు రాలిన చోట కాండం మీద అర్ధచంద్రాకారపు మచ్చ, దాని పైన ఆవగింజంత బొడిపె కనిపిస్తాయి. చిగురు వచ్చేది అక్కడి నుంచే. కోత ఆ కణుపుకు ఒక సెంటీమీటరు పైన పడాలి, ఎందుకంటే మిరప కొమ్మ కోసిన చోటు నుంచి కింది కణుపు వరకు ఎండిపోతుంది. మిగిలిన ఎండుమోడును రెండు నెలల తరువాత శుభ్రం చేసుకోవచ్చు. ముదురు మిరప కాండం నడుమ మెత్తని బెండు ఉంటుంది. అది పోయి గొట్టంలా మారితే వాననీరు లోపలికి దిగి మాను పుచ్చుతుంది. అందుచేత కోతను ఏటవాలుగా కోసి, కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే తెగులుమందును కొన్ని నీటి చుక్కలతో ముద్దలా కలిపి పూయాలి. మామిడికో మర్రికో గాయం పూడినట్టు మిరపకు పూడదు. వీలైతే ఒకటి రెండు పచ్చి ఆకులను ఉంచి కోయడం క్షేమకరం.

తరువాత వేళ్లు. మొక్కను జానెడు దూరంలో చుట్టూ తవ్వి, మట్టిగడ్డతో పైకి తీసి, బకెట్టు నీటిలో గంటసేపు నాననివ్వాలి. మన బంకమట్టి పొడిగా ఉన్నప్పుడు లాగితే సన్నవేళ్లన్నీ దానితోపాటే తెగిపోతాయి. నానిన తరువాత నీటిలోనే అటూ ఇటూ ఆడిస్తే మట్టి తనంతట తానే విడిపోతుంది. కిందికి దిగిన లావు వేళ్లను పదునైన కత్తెరతో కోసి, పక్కలకు పారిన వేళ్లను, వాటి వెంట్రుకల్లాంటి పిల్లవేళ్లతో సహా ఉంచి, మొత్తం వేరుముద్దను 4, 5 సెంటీమీటర్ల మందాన అట్టులా తయారుచేసుకోవాలి. సగానికి పైగా వేళ్లు పోతున్నాయని దిగులుపడనక్కరలేదు. పైన ఆకు లేదు కనుక కింద అంత వేరుతో పని లేదు. మూకుడు నడిమధ్యన కాకుండా కొంచెం పక్కకు, వెనక్కు జరిపి మొక్కను నిలబెట్టి, చిల్లుల గుండా తీగ తెచ్చి వేరుముద్దను కట్టేయాలి. గాలికి మాను కదిలితే కొత్త వేళ్లు పుట్టినట్టే పుట్టి తెగిపోతుంటాయి. ఈ కట్టు అందుకే. సందుల్లోకి మిశ్రమం దిగేలా పుల్లతో పొడుస్తూ నింపి, అడుగు నుంచి తేట నీరు కారేవరకు ఒక్కసారి నీరు పోయాలి.

మొదటి నలభై రోజులు

ఇక్కడ చాలామంది మొక్కలను పోగొట్టుకుంటారు. ఆకు లేని మోడు నీరు తాగదు. మనం మాత్రం ఎండిపోతోందన్న భయంతో రోజూ పోస్తాము. చీపురు నుంచి ఒక కొబ్బరి ఈనె తీసి, మొదలుకు రెండంగుళాల దూరంలో అడుగు వరకు గుచ్చి ఉంచండి. ఉదయం దాన్ని లాగి పై పెదవికి ఆనించి చూస్తే, చల్లగా తగిలితే ఆ రోజు నీరు అవసరం లేదు. పొడిగా వస్తేనే పోయాలి. ఈ ఒక్క అలవాటు చేసుకున్నాక నా మొక్కల్లో వేరుకుళ్లు దాదాపు లేకుండా పోయింది.

కుండీని నీడ పట్టున, వెలుతురు ధారాళంగా వచ్చే అరుగు మీద ఉంచాలి. పది రోజుల నుంచి ఇరవై రోజుల లోపు కణుపుల దగ్గర ఆకుపచ్చని చుక్కలు పొడుస్తాయి. నెల దాటినా రాకపోతే గోటితో బెరడును గీరి చూడాలి. కింద పచ్చగా ఉంటే ఆగాలి, గోధుమరంగులో ఉంటే ఆ మోడు మీద ఆశ వదులుకోవచ్చు. చిగుళ్లు 4, 5 ఆకులు తొడిగిన తరువాత క్రమంగా ఉదయపు ఎండకు అలవాటు చేసి, అప్పటి నుంచి నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉన్న 19:19:19 ఎరువును లీటరు నీటికి ఒక గ్రాము చొప్పున పక్షానికి ఒకసారి ఇస్తే చాలు. వేరుశనగ చెక్క నానబెట్టిన నీరు నేలలోని మొక్కకు బలమే గాని, లోతు లేని పళ్లెంలో అది పులిసి వేళ్లకు చేటు చేస్తుంది.

కొమ్మలను దిద్దడం

మోడు నుంచి పది పన్నెండు చిగుళ్లు రావచ్చు. వాటిలో ఎత్తు తేడాగా, వేర్వేరు దిక్కులకు చూసే మూడు నుంచి ఐదు చిగుళ్లను ఉంచి మిగతావి గోటితో గిల్లేయాలి. అన్నిటికన్నా కింది కొమ్మ లావుగా, పొడుగ్గా ఉండాలి, పైకి పోయేకొద్దీ సన్నబడాలి. కాని మిరపలో బలమంతా పై చిగురుకే పోతుంది; కాబట్టి పైకొమ్మను తరచుగా తుంచుతూ, కిందికొమ్మను నెలా రెండు నెలల పాటు స్వేచ్ఛగా సాగనివ్వాలి.

మిరప పెరిగే తీరులో ఒక సొగసు ఉంది. కాండం కొసన మొదటి మొగ్గ పుడుతుంది, అక్కడే కొమ్మ రెండుగా చీలుతుంది. ఆ రెండింటి కొసన మళ్లీ మొగ్గలు, మళ్లీ పంగలు. మనం ప్రత్యేకంగా నేర్పనవసరం లేకుండానే ఇది చెట్టు కొమ్మల అల్లికను పోలి ఉంటుంది. చేయవలసిందల్లా పంగకూ పంగకూ నడుమ దూరాన్ని తగ్గించడం. కొమ్మ 5, 6 ఆకులకు రాగానే రెండు ఆకులు ఉంచి పైది కోసేస్తే, ఆ రెండు ఆకుల కుదుళ్ల నుంచి రెండు చిగుళ్లు వస్తాయి. అవీ పెరిగాక మళ్లీ రెండేసి ఆకులకు కోయాలి. మార్చి నుంచి ఆగస్టు వరకు ఇలా నాలుగైదుసార్లు చేస్తే కొమ్మలు గుబురై, ఆకు మునుపటికంటే చిన్నదవుతుంది. ఈ కాలంలో వచ్చిన మొగ్గలన్నింటినీ నిర్దాక్షిణ్యంగా గిల్లేయాలి.

తీగ చుట్టి వంచే పద్ధతి మిరపకు అంతగా నప్పదని నా అభిప్రాయం. ముదిరిన కొమ్మ పటుక్కున విరుగుతుంది. లేతకొమ్మకు తీగ కోసుకుపోయి మచ్చ పడుతుంది. పచ్చదనం తగ్గి గోధుమరంగు మొదలవుతున్న కొమ్మ ఒక్కటే వంపుకు లొంగుతుంది. దానికి కూడా తీగకన్నా నూలుదారం మంచిది: కొమ్మకు వదులుగా ఉచ్చు వేసి, రెండో కొసను మూకుడు అంచుకు బిగించిన తీగకు కట్టి, రోజుకు గోరంత చొప్పున కిందికి లాగాలి. ఈ పనికి నీరు పోయకముందు, ఆకు కాస్త వడలి ఉన్న వేళ అనువైనది. నీరు నిండుగా తాగిన కొమ్మ పెళుసుగా ఉంటుంది. నాలుగు నుంచి ఆరు వారాల్లో కొమ్మ ఆ వంపులో స్థిరపడుతుంది.

ముసురు, తుపాను

మృగశిర కార్తె దాటి వానలు అందుకున్నాక కుండీలను నేల మీద ఉంచకూడదు. నాలుగు ఇటుకల మీద ఎత్తి పెట్టి, ముసురు పట్టిన రోజుల్లో ఒక వైపు ఇంకో ఇటుక ముక్క దోపి కుండీని వాలుగా ఉంచాలి. స్పాంజిని నిలువుగా తిప్పినప్పుడు జరిగినదే ఇక్కడా జరుగుతుంది: లోతు పెరిగి, అడుగున నిలిచిన నీరు పల్లపు చిల్లు గుండా కారిపోతుంది. ఎడతెరపి లేని వానకు మూడో రోజు నుంచి చూరు కిందికి జరపడం తప్పదు. అయితే చూరు నీరు ధారగా పడే చోటు నుంచి దూరంగా ఉంచాలి. వాన రోజుల్లో ఎరువు ఆపేయాలి. స్వాతి, విశాఖ కార్తెల్లో తుపాను హెచ్చరిక వస్తే, మాను ఎంత గట్టిగా కనిపించినా కుండీని ఇంట్లోకి చేర్చాలి. పంగ దగ్గర మిరప నిలువునా చీలిపోతుంది, ఆ చీలిక అతకదు.

ఎండ, ఉప్పునీరు

రోహిణి కార్తెలో లోతు లేని మూకుడు మధ్యాహ్నానికే వేడెక్కి వేళ్లను ఉడికిస్తుంది. తాటాకు పందిరో, సగం ఎండను ఆపే నీడవలో ఏర్పాటు చేసి, మూకుడును తడి ఇసుక పోసిన వెడల్పు పళ్లెంలో నిలిపి, ఉదయం, సాయంత్రం నీరు పోయాలి. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు సముద్రానికి దగ్గరి ఊళ్లలో బోరు నీరే దిక్కవుతుంది. మిరపకు ఉప్పు పడదు. ఆకు కొసలు మాడటం, మూకుడు అంచున తెల్లని పొర కట్టడం కనిపిస్తే నీటిలో ఉప్పు ఉన్నట్టే. అటువంటివారు వాననీటిని డ్రమ్ముల్లో పట్టి ఉంచుకోవాలి, లేదా కాలువ నీరు ఉన్నప్పుడే నిల్వచేసుకోవాలి. వారానికి ఒకసారైనా ఆ మంచినీటిని మూకుడు నిండి పొర్లేలా రెండు మూడుసార్లు పోస్తే పేరుకున్న ఉప్పు కడుక్కుపోతుంది.

పురుగు, తెగులు, పొగాకు చేయి

ఆకు అంచులు పడవలా పైకి ముడిస్తే తామర పురుగు, గొడుగులా కిందికి ముడిస్తే తెల్లనల్లి అని మన రైతులకు తెలిసిన గుర్తు. 2021 నుంచి ఆంధ్ర మిరప చేలను ఏడిపిస్తున్న నల్ల తామర పురుగు పూలలో దాగుతుంది. పువ్వును తెల్ల కాగితం మీద తట్టి చూస్తే కదిలే నల్లని నలుసుల్లా రాలుతుంది. ఒకటి రెండు కుండీలకు వేపనూనె లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు, కొద్దిగా సబ్బునీరు కలిపి ఆకు అడుగు తడిసేలా సాయంత్రం పిచికారీ చేస్తే చాలావరకు అదుపులో ఉంటుంది. నల్లికి నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు వాడవచ్చు. కాని నూనె కొట్టిన రెండు వారాల లోపు గంధకం కొడితే ఆకు మాడుతుంది. తెల్లదోమ మోసుకొచ్చే ఆకుముడత వైరస్‌కు మందు లేదు, ఆ మొక్కను మిగతావాటికి దూరంగా తీసివేయాలి.

గోదావరి లంకలకు ప్రత్యేకమైన జాగ్రత్త ఒకటి ఉంది. లంక పొగాకు పండించే, ఆకు కట్టే, చుట్ట తాగే చేతులకు పొగాకు మొజాయిక్ వైరస్ అంటి ఉండవచ్చు. ఎండిన ఆకులో కూడా అది చావదు, మిరపకు సులువుగా సోకుతుంది. బోన్సాయ్ పనిలో గిల్లడం, కోయడం నిత్యకృత్యం కనుక పచ్చి గాయం ద్వారా ప్రవేశిస్తుంది. మొక్కను ముట్టేముందు చేతులు సబ్బుతో రుద్ది కడుక్కోవాలి, కత్తెరను సబ్బునీటితో కడిగి మరిగే నీటిలో కొన్ని నిమిషాలు ఉంచి తీయాలి. మా ఇంట్లో పెద్దవారు ఆప్యాయంగా చిగురు తుంచిన మొక్కకు పక్షం తిరక్కుండా మచ్చలు రావడం చూశాక, ఈ విషయంలో నేను ఎవరికీ మినహాయింపు ఇవ్వడం లేదు.

పూత, కాయ, ఆ తరువాత

సెప్టెంబరు నెలాఖరు నుంచి మొగ్గలు గిల్లడం ఆపితే, రాత్రులు చల్లబడే కొద్దీ పూత నిలుస్తుంది. ఎండాకాలపు పూత ఎలాగూ రాలిపోతుంది. పూత కనిపించాక నత్రజని ఎక్కువ ఉన్న ఎరువు తగ్గించి, పొటాష్ ఎక్కువ ఉన్న 13:0:45 ఎరువును లీటరుకు ఒక గ్రాము చొప్పున ఇవ్వాలి. రోజుకు 5, 6 గంటల ఎండ తగలాలి. పిందెలు గుత్తులుగా పడితే మూడింటిలో ఒకటి ఉంచి మిగతావి తీసేయడం మంచిది. చిన్న వేరుముద్ద మీద ఎక్కువ కాయలు పండించిన మొక్క మరుసటి వేసవికి కోలుకోదు. మందు కొట్టిన మొక్క కాయను వంటకు వాడే ముందు తగిన వ్యవధి ఇవ్వాలి.

ఏటా సంక్రాంతి తరువాత మొక్కను మూకుడు నుంచి తీసి, వేళ్లలో మూడో వంతు కోసి, కొత్త మిశ్రమంలో నాటాలి. ప్రతిసారీ మునుపటికన్నా మూడు నాలుగు మిల్లీమీటర్లు పైకి నాటితే, పైవేళ్లు గాలి తగిలి బెరడు కట్టి, నేలను పట్టుకున్నట్టు బయటపడతాయి. ఒక్కసారే ఎక్కువగా బయటపెడితే ఆ వేళ్లు ఎండిపోతాయి.

మూడో ఏడు దాటాక చిగుళ్లు చిన్నవై, కొమ్మలు ఒక్కొక్కటే ఎండుతున్నాయంటే మొక్క అలసిందన్నమాట. అప్పుడు పండుకాయల గింజలు తీసి నీడన ఆరబెట్టి దాచుకుని, మొక్కను మూకుడు నుంచి దింపి పెరట్లో ఎత్తుగా పోసిన మట్టి కుదుట్లో నాటి, ఏడాదిపాటు కత్తెర తగలనివ్వకండి. అది కోలుకుంటే వచ్చే సంక్రాంతికి ఇంకా లావెక్కిన మానుతో మళ్లీ మూకుడుకు వస్తుంది. ఈలోగా దాచిన గింజల నారును పెంకు ముక్క మీద పరిచి నాటుకోవచ్చు.